పల్లె కౌంటీలో ఇల్లు కొనాలంటే: యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ లోన్లలో మీకు ఏది వస్తుంది, ఏది మంచిది?

ఆర్కన్సాలోని బెంటన్‌విల్, రోజర్స్ చుట్టుపక్కల ఇళ్ల ధరలు చూసి వెనక్కి తగ్గిన తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పుడు ఉత్తరం వైపు చూస్తున్నాయి. రాష్ట్ర సరిహద్దు దాటగానే మిజోరీలోని మెక్‌డొనాల్డ్ కౌంటీ వస్తుంది. 2021 అక్టోబరులో బెల్లా విస్టా బైపాస్ తెరిచాక, పైన్‌విల్‌లో ఉంటూ ఐ-49 హైవే మీద వాల్‌మార్ట్ ఆఫీసుకు రోజూ వెళ్లి రావడం తేలికైంది. పైన్‌విల్, ఆండర్సన్, నోయెల్, గుడ్‌మన్ అన్నీ చిన్న ఊళ్లే. 2020 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తానికీ ఉన్నది 23 వేల పైచిలుకు మంది. ఇలాంటి చోటు పేరెత్తగానే ఎవరో ఒకరు "అక్కడ డౌన్ పేమెంట్ లేకుండా గవర్నమెంట్ లోన్ ఇస్తారట" అంటారు. మాట నిజమే. అది అమెరికా వ్యవసాయ శాఖ పల్లె (రూరల్) ప్రాంతాల ఇళ్లకిచ్చే యూఎస్‌డీఏ లోన్. కానీ అది అందరికీ రాదు, వచ్చేవాళ్లందరికీ అదే మేలని కూడా లేదు.

చాలామంది ముందు ఇల్లు చూసి, తర్వాత ఊరు రూరల్ అవునో కాదో చూసి, చివర్లో తమకు అర్హత ఉందా అని అడుగుతారు. దీన్ని తిరగేయాలి. మొదట మీ ఇమిగ్రేషన్ స్టేటస్, తర్వాత ఇంటి మొత్తం ఆదాయం, ఆ తర్వాత అడ్రస్, అన్నిటికంటే చివర్లో ఇల్లు. ఈ వరుసలో వెళ్తే ఇన్‌స్పెక్షన్లకు, అప్రైజల్‌కు (ఇంటి విలువ కట్టించడానికి) డబ్బు కట్టాక "మీకు రాదండీ" అనిపించుకునే పరిస్థితి రాదు.

ఒక్క విషయం ముందే స్పష్టం చేసుకుందాం. యూఎస్‌డీఏ గ్యారంటీడ్, ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్), వీఏ (మాజీ సైనికుల శాఖ), ఈ మూడింటిలోనూ డబ్బిచ్చేది ప్రైవేటు లెండరే. మీరు కట్టలేకపోతే లెండర్ నష్టాన్ని భరిస్తామని ప్రభుత్వం హామీ ఇస్తుంది, లేదా ఇన్సూరెన్స్ ఇస్తుంది. ఆ హామీకి అయ్యే ఫీజు మాత్రం మన దగ్గరే వసూలు చేస్తారు. యూఎస్‌డీఏ డైరెక్ట్ లోన్‌లో మాత్రమే ప్రభుత్వం నేరుగా అప్పిస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

స్టేటస్ దగ్గరే సగం తేలిపోతుంది

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు యూఎస్‌డీఏ లోన్ రాదు. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, చట్టంలో చెప్పిన ఇంకొన్ని వర్గాలవాళ్లు మాత్రమే అర్హులు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ఏళ్లుగా క్యూలో ఉన్నా, చేతిలో ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉన్నా అది గ్రీన్ కార్డుతో సమానం కాదు.

ఎఫ్‌హెచ్‌ఏ విషయంలో పాత సలహాలు నమ్మి దెబ్బతినే ప్రమాదం ఉంది. చాలాకాలం హెచ్-1బీవాళ్లకు కూడా ఎఫ్‌హెచ్‌ఏ దొరికేది, మనవాళ్లు చాలామంది అలాగే మొదటి ఇల్లు కొన్నారు. 2025 మే 25 నుంచి ఆ దారి మూసేశారు. ఆ తేదీ నుంచి కేస్ నంబర్ పడిన లోన్లకు పర్మనెంట్ రెసిడెంట్ అయినా, పౌరుడైనా అయి ఉండాలి. 2023లో కొన్న మీ స్నేహితుడు "నాకు వచ్చింది, నీకెందుకు రాదు" అంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు. మధ్యలో రూల్ మారింది, అంతే.

వీఏ లోన్‌కు సైన్యంలో సర్వీసే అర్హత. మావ్ని పథకంలో (వీసాదారుల్ని సైన్యంలోకి తీసుకున్న పాత పథకం) చేరి పౌరసత్వం తెచ్చుకున్నవాళ్లు, నేషనల్ గార్డ్‌లో, రిజర్వ్‌లో ఆరేళ్లు పూర్తిచేసినవాళ్లు, ఇక్కడే పుట్టి ఆర్మీలో చేరిన మన పిల్లలు దీన్ని మర్చిపోవద్దు. వీఏ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ (అర్హత పత్రం) తెచ్చుకుంటే సందేహం తీరిపోతుంది.

మరి హెచ్-1బీవాళ్ల మాటేమిటి? వాళ్లకున్నది కన్వెన్షనల్ లోన్, అంటే ఈ పథకాల హామీ లేని మామూలు లోన్. లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థలైన ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ కొనుక్కునే లోన్లు చట్టబద్ధంగా ఉంటున్న వీసాదారులకు కూడా దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్లకు 3 శాతం డౌన్ పేమెంట్‌తో కూడా ఉన్నాయి, 5 శాతం మరీ మామూలు. భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్ కార్డు వచ్చి ఇంకొకరు వర్క్ వీసా మీదే ఉంటే, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఒక్కరే యూఎస్‌డీఏకో ఎఫ్‌హెచ్‌ఏకో అప్లై చేయవచ్చు. అప్పుడు ఆ ఒక్కరి జీతంతోనే లోన్ నిలబడాలి. మిజోరీ, ఆర్కన్సా కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక ఆస్తులు, అప్పులు ఇద్దరివీ అనే చట్టం) రాష్ట్రాలు కావు కాబట్టి లోన్‌లో లేని జీవిత భాగస్వామి కారు అప్పు, క్రెడిట్ కార్డు అప్పు లెక్కలోకి రావు. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనాల్లో మాత్రం ఈ ప్రభుత్వ లోన్లకు ఆ అప్పులూ కలుపుతారు. డాలస్‌లో ఉన్న చుట్టాల అనుభవం ఇక్కడ పనికిరాకపోవడానికి ఇది ఒక కారణం.

ఆదాయం: లోన్‌లో లేనివాళ్ల జీతం కూడా లెక్కే

ఎఫ్‌హెచ్‌ఏకి, వీఏకి ఆదాయం ఇంతకు మించకూడదన్న పరిమితి లేదు. యూఎస్‌డీఏకి ఉంది, మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేదీ ఇక్కడే. గ్యారంటీడ్ లోన్‌కు ఇంటి ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. 2025లో దేశంలోని చాలా కౌంటీలకు వర్తించిన పరిమితి, నలుగురి దాకా ఉన్న ఇంటికి 1,19,850 డాలర్లు, ఐదు నుంచి ఎనిమిది మంది ఉన్న ఇంటికి 1,58,250 డాలర్లు. ఖరీదైన ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఏటా మారుతుంది కాబట్టి మీ కౌంటీ అంకె యూఎస్‌డీఏ సైట్‌లో చూసుకోండి.

ఇక్కడ లెక్కపెట్టేది ఇంట్లో ఉండబోయే పెద్దలందరి ఆదాయం. భర్త ఒక్కడి పేరు మీదే లోన్ తీసుకున్నా భార్య జీతం కలుస్తుంది. హెచ్-4 ఈఏడీ మీద ఆమె చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగమూ కలుస్తుంది. తమ్ముడు మీతోనే ఉండి ఉద్యోగం చేస్తుంటే అతనిదీ కలుస్తుంది. చూసేది పోయినేడాది వచ్చినదాన్ని కాదు, రాబోయే 12 నెలల్లో రావాల్సినదాన్ని. బోనస్, ఓవర్‌టైమ్ క్రమంగా వస్తుంటే అవీ అందులోనే. హైదరాబాద్ ఫ్లాట్ మీద వచ్చే అద్దె మీ టాక్స్ రిటర్న్‌లో ఉంటుంది కాబట్టి దాన్నీ అడుగుతారు.

అయితే ఇదే లెక్కలో మనకు కలిసొచ్చేవి రెండున్నాయి, చాలామందికి ఇవి తెలియవు. మొదటిది డేకేర్ ఖర్చు. 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల్ని డేకేర్‌లో ఉంచితేనే మీరు ఉద్యోగం చేయగలిగితే, ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి 1,28,000 డాలర్లు, డేకేర్‌కు ఏడాదికి 12,000 అనుకోండి. అర్హత లెక్కలో ఆదాయం 1,16,000కి దిగుతుంది, అంటే 2025 నాటి నలుగురి ఇంటి పరిమితి లోపలికి వచ్చేస్తుంది. పిల్లలకు తలా కొంత మొత్తం తగ్గింపు కూడా ఉంది. అందుకే డేకేర్ రసీదులు ఒక్కటి కూడా పారేయవద్దు.

రెండోది ఇంట్లో మనుషుల సంఖ్య. అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద వచ్చి మీతోనే స్థిరంగా ఉంటుంటే, భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉన్న ఇల్లు ఐదుగురి ఇల్లవుతుంది. 2025 అంకెల ప్రకారమైతే పరిమితి ఒక్కసారిగా 1,58,250కి పెరుగుతుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన అత్తమామల్ని ఇలా లెక్కించరు.

నిజం చెప్పాలంటే, ఇద్దరూ ఐటీలో ఉన్న కుటుంబానికి యూఎస్‌డీఏ దాదాపుగా రాదు. దాని కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. ఈ లోన్ పనికొచ్చేది ఒక్క జీతం మీద నడిచే ఇళ్లకు, టీచర్లకు, ఫార్మసీ టెక్నీషియన్లకు, హోటళ్లలో, గ్యాస్ స్టేషన్లలో పనిచేసేవాళ్లకు, కొత్తగా గ్రీన్ కార్డు మీద వచ్చి మొదటి నుంచి జీవితం కట్టుకుంటున్నవాళ్లకు. మన సంఘాల్లో ఇంటి లోన్ గురించి మాట్లాడేటప్పుడు వీళ్లను తరచుగా మర్చిపోతాం. వాళ్లకోసమే ఈ వ్యాసం ఎక్కువగా రాస్తున్నాను.

పై పరిమితితో పాటు కట్టగల స్తోమత కూడా చూస్తారు. యూఎస్‌డీఏ సాధారణ లెక్క 29/41. నెల ఆదాయంలో 29 శాతం లోపు ఇంటి కిస్తీ, పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ సరిపోవాలి. మిగతా అప్పులు కూడా కలిపితే 41 శాతం దాటకూడదు. ఏడాదికి 80,000 సంపాదించేవారికి ఇంటికి నెలకు 1,933 డాలర్లు, మొత్తం అప్పులకు 2,733. అంటే కారు, స్టూడెంట్ లోన్, క్రెడిట్ కార్డు అన్నిటికీ మిగిలేది 800. రెండు కార్ల కిస్తీలున్న ఇంటికి ఇది చాలదు. ఎఫ్‌హెచ్‌ఏ మామూలు లెక్క 31/43, లెండర్ వాడే కంప్యూటర్ వ్యవస్థ ఫైల్‌ను ఆమోదిస్తే ఇంకా పైకి కూడా ఒప్పుకుంటుంది. ఈ విషయంలో ఎఫ్‌హెచ్‌ఏదే పెద్ద మనసు.

క్రెడిట్ స్కోర్ విషయంలో కూడా అంతే. ఎఫ్‌హెచ్‌ఏ 580 ఉంటే 3.5 శాతం డౌన్ పేమెంట్‌కు ఒప్పుకుంటుంది, 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం అడుగుతుంది. యూఎస్‌డీఏకి లెండర్లు సాధారణంగా 640 చూస్తారు. దేశానికి కొత్తవాళ్లకు స్కోరే ఉండదు. అప్పుడు అద్దె, కరెంటు, ఫోన్ బిల్లులు వేళకు కట్టిన రికార్డుతో రెండు పథకాల్లోనూ అడిగే వీలుంది. కానీ అలాంటి ఫైల్ పట్టుకునే ఓపిక ఉన్న లెండర్‌ను వెతుక్కోవాలి.

2,40,000 డాలర్ల ఇంటికి లెక్క వేస్తే

పోలిక కోసం మూడింటికీ ఒకే వడ్డీ, 6.5 శాతం, 30 ఏళ్లు అనుకుందాం. నిజానికి రేట్లు లెండర్‌ను బట్టి, పథకాన్ని బట్టి మారతాయి.

యూఎస్‌డీఏలో డౌన్ పేమెంట్ సున్నా. 1 శాతం గ్యారంటీ ఫీజును లోన్‌లో కలిపితే అప్పు 2,42,424 అవుతుంది. కిస్తీ 1,532, ఏటా 0.35 శాతం ఫీజు నెలకు దాదాపు 70. మొత్తం 1,602.

ఎఫ్‌హెచ్‌ఏలో 3.5 శాతం, అంటే 8,400 డాలర్లు చేతి నుంచి పెట్టాలి. మిగిలిన 2,31,600 మీద 1.75 శాతం ముందస్తు ఇన్సూరెన్స్ కలిపితే అప్పు 2,35,653. కిస్తీ 1,489, నెలవారీ ఇన్సూరెన్స్ 106. మొత్తం 1,595.

వీఏలో డౌన్ పేమెంట్ సున్నా. మొదటిసారి వాడుకునేవాళ్లకు ఫండింగ్ ఫీజు 2.15 శాతం కలిపి అప్పు 2,45,160. నెలవారీ ఇన్సూరెన్స్ ఏమీ లేదు. మొత్తం 1,550. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం అందుకుంటున్నవాళ్లకు ఆ ఫీజు కూడా ఉండదు.

ఎఫ్‌హెచ్‌ఏలో 8,400 పెట్టినా యూఎస్‌డీఏ కంటే నెలకు తగ్గేది 7 డాలర్లే. అర్హత ఉన్నవాళ్లు యూఎస్‌డీఏ వదిలి ఎఫ్‌హెచ్‌ఏకి వెళ్లడానికి నాకైతే కారణం కనబడదు. పైగా 10 శాతం కంటే తక్కువ డౌన్ పేమెంట్ పెడితే ఎఫ్‌హెచ్‌ఏ ఇన్సూరెన్స్ లోన్ ఉన్నంతకాలం పోదు, రీఫైనాన్స్ చేస్తేనో ఇల్లు అమ్మితేనో వదులుతుంది. కన్వెన్షనల్‌లో మీ అప్పు ఇంటి మొదటి విలువలో 80 శాతానికి దిగాక ఇన్సూరెన్స్ తీసేయమని అడగవచ్చు, 78 శాతానికి దిగే తేదీకి వాళ్లే తీసేయాలి. స్కోర్ 740 దాటి, చేతిలో 5 శాతం ఉన్నవాళ్లు గ్రీన్ కార్డు ఉన్నా సరే కన్వెన్షనల్ కొటేషన్ కూడా పక్కన పెట్టుకుని చూడాలి. వీఏ అర్హత ఉన్నవాళ్లు ఇక వేరే దేని గురించీ ఆలోచించనక్కర్లేదు.

సున్నా డౌన్ పేమెంట్ అంటే చేతిలో పైసా అక్కర్లేదని కాదు. క్లోజింగ్ (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజు) ఖర్చులు, మొదటి ఏడాది ఇన్సూరెన్స్, పన్ను ఎస్క్రో (పన్ను కోసం ముందే జమ చేసే డబ్బు) కలిపి కొన్ని వేల డాలర్లు కావాలి. యూఎస్‌డీఏలో అప్రైజల్ విలువ కొన్న ధర కంటే ఎక్కువ వస్తే ఆ తేడాలో క్లోజింగ్ ఖర్చుల్ని సర్దవచ్చు. అమ్మేవాళ్లు 6 శాతం దాకా భరించడానికి యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ రెండూ ఒప్పుకుంటాయి, బేరంలో దీన్ని తప్పకుండా అడగండి. ఇండియా నుంచి నాన్నగారు డబ్బు పంపుతానంటే ఎఫ్‌హెచ్‌ఏకి గిఫ్ట్ లెటర్, బ్యాంకు కాగితాలు పక్కాగా ఉండాలి. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద ఒక మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు కాబట్టి పరిమితితో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఆలస్యంతోనే.

అడ్రస్, బావి, సెప్టిక్

యూఎస్‌డీఏకి కౌంటీ పేరు చాలదు, ఇంటి అడ్రస్ కావాలి. పల్లె స్వభావం ఉన్న, 10,000 లోపు జనాభా ఊళ్లు సాధారణంగా అర్హత మ్యాప్ లోపల ఉంటాయి. మహానగర ప్రాంతం బయట, లోన్లు దొరకడం కష్టమైన చోట 20,000 దాకా, పాత వర్గీకరణ కొనసాగుతున్న కొన్ని ఊళ్లకు 35,000 దాకా సడలింపు ఉంది. మెక్‌డొనాల్డ్ కౌంటీలో ఏ ఊరూ 10,000 దరిదాపుల్లోకి రాదు. ఆర్కన్సాలోని బెంటన్ కౌంటీలో మాత్రం బెంటన్‌విల్, రోజర్స్ పట్టణ ప్రాంతం మ్యాప్ బయటే ఉండిపోతుంది, దూరంగా ఉన్న చిన్న ఊళ్లను ఒక్కొక్క అడ్రస్‌గా మ్యాప్‌లో చూడాలి. ఒకసారి లోన్ వచ్చాక ఆ ఊరు పెరిగి మ్యాప్ నుంచి పోయినా, మీ జీతం పెరిగినా గ్యారంటీడ్ లోన్‌కు ఏమీ కాదు.

ఈ కౌంటీలో ఎకరాల్లో ఇళ్లు దొరుకుతాయి, వాటితో పాటు కోళ్ల షెడ్లూ ఉంటాయి. ఇల్లు, స్థలం బాగుందని మురిసిపోయే ముందు ఆ షెడ్లు నడుస్తున్నాయా అని అడగండి. ఆదాయం తెచ్చే వ్యవసాయానికి, వ్యాపారానికి వాడే ఆస్తికి యూఎస్‌డీఏ లోన్ ఇవ్వదు. ఇంటికి తోడుగా అద్దె వాటా కావాలనుకుంటే ఎఫ్‌హెచ్‌ఏ మేలు. నాలుగు వాటాల దాకా ఉన్న భవనం కొని ఒకదాంట్లో మీరుండి మిగతావి అద్దెకిచ్చుకోవచ్చు. ఏ పథకంలోనైనా మీరు అక్కడ ఉండి తీరాలి, పెట్టుబడి కోసం కొనేదానికి ఇవి రావు. యూఎస్‌డీఏలో మీకు ఇప్పటికే ఉన్న ఇళ్ల సంఖ్య కూడా చూస్తారు, కాబట్టి ఇండియాలో ఇల్లుంటే మొదటి రోజే లెండర్‌కు చెప్పండి.

ఊరి నీళ్ల పైపు, డ్రైనేజీ లేని ఇంటికి బావి నీటి పరీక్ష, సెప్టిక్ పరీక్ష అడగవచ్చు. ఎఫ్‌హెచ్‌ఏ ప్రకారం బావి సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగులు, దాని నీళ్లు ఇంకే డ్రెయిన్ ఫీల్డ్‌కు 100 అడుగులు దూరంగా ఉండాలి. డ్రెయిన్ ఫీల్డ్ విషయంలో స్థానిక అధికారులు ఒప్పుకుంటే 75 అడుగుల దాకా సడలింపు ఉంది. ఓజార్క్ కొండల్లో భూమి కింద సున్నపురాయి, అందులో పగుళ్లు. మురుగు బావిలోకి చేరడం ఇక్కడ మామూలు భయం కాదు. లోన్ అడిగినా అడగకపోయినా ఈ పరీక్షలు మీ పిల్లల ఆరోగ్యం కోసం చేయించండి. ఎల్క్ నది ఒడ్డున, ముఖ్యంగా పైన్‌విల్, నోయెల్ దగ్గర కొనేవాళ్లు వరద మ్యాప్ చూడాలి. 2017లో ఆ నది పెద్దగా పొంగింది. వరద జోన్‌లో ఉంటే ప్రభుత్వ హామీ లోన్లకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాని ప్రీమియం మీ 29 శాతాన్ని తినేస్తుంది.

ఫ్యాక్టరీలో చేసి తెచ్చి నిలబెట్టిన ఇల్లయితే 1976 జూన్ 15 తర్వాత తయారైందో లేదో, శాశ్వత పునాది మీద ఉందో లేదో చూడండి. ఆ రెండూ లేకపోతే ఎఫ్‌హెచ్‌ఏ కూడా కుదరదు.

డైరెక్ట్ లోన్ గురించి

ఆదాయం మరీ తక్కువ ఉన్నవాళ్లు స్థానిక రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసుకు నేరుగా వెళ్లి అడగాల్సింది ఇది. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవాళ్లకు, బయట మామూలు షరతులతో లోన్ దొరకనివాళ్లకు ఇస్తారు. డౌన్ పేమెంట్ ఉండదు. సబ్సిడీ కలిస్తే మీరు కట్టే వడ్డీ 1 శాతం దాకా దిగుతుంది. 33 ఏళ్ల గడువు, ఇంకా తక్కువ ఆదాయమైతే 38 ఏళ్లు. ఆదాయం పెరిగితే సబ్సిడీ తగ్గుతుంది, ఇల్లు అమ్మినప్పుడు ఇచ్చిన సబ్సిడీలో కొంత వెనక్కి అడుగుతారు. అయినా సరే, ఒక్క జీతంతో ముగ్గురు పిల్లల్ని పెంచుతున్న ఇంటికి ఇంతకంటే మంచి లోన్ ఈ దేశంలో నేను చూడలేదు. గ్రీన్ కార్డు ఉండి కూడా దీని పేరైనా విననివాళ్లు మనలో ఉన్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

టైమింగ్

యూఎస్‌డీఏ గ్యారంటీడ్‌లో లెండర్ ఆమోదించాక ఫైల్ మళ్లీ యూఎస్‌డీఏకి వెళ్లి కమిట్‌మెంట్ (హామీ ఇస్తామన్న పత్రం) రావాలి. ఎఫ్‌హెచ్‌ఏలో ఈ రెండో మెట్టు సాధారణంగా ఉండదు. కాబట్టి అగ్రిమెంట్‌లో క్లోజింగ్ తేదీకి కాస్త వెసులుబాటు పెట్టుకోండి. అమ్మేవాళ్లు తొందరలో ఉంటే ముందే చెప్పేయడం మంచిది. అక్టోబరులో ఫెడరల్ ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, బడ్జెట్ తేలక ప్రభుత్వం మూతపడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. 2025లో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అలా మూతపడినప్పుడు యూఎస్‌డీఏ కొత్త కమిట్‌మెంట్లు ఆగిపోయాయి, ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ నడిచాయి. యూఎస్‌డీఏతో కొనేవాళ్లు వీలైతే వసంతంలోనో ఎండాకాలంలోనో క్లోజింగ్ పెట్టుకోండి. అద్దె ఇంటి లీజు దానికి తగ్గట్టు నెల నెలా పొడిగించుకునేలా ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి.